రెండు కళ్ళకీ ఒకే చూపు ఉందా? ఒక్కో కన్ను మూసి చూద్దాం



ఈ నెల గోడపత్రికలో సైన్సు పేజీ రాసే వంతు మా 9వ తరగతిది. నేను కంటి గురించి రాస్తున్నాను. కన్ను పాఠం మనకు 10వ తరగతిలో వస్తుంది. కాని ఈ విషయం 3వ తరగతి చెల్లెళ్ళకు కూడా ఇప్పుడే తెలియాలి. ఎందుకు తెలియాలో చివరిదాకా చదివితే మీకే అర్థమవుతుంది. చదవడం ఇంకా సరిగ్గా రాని చిన్నపిల్లలకు పెద్ద అక్కలు చదివి వినిపించండి.

ముందుగా ఒక ప్రశ్న. మనకు రెండు కళ్ళు ఉన్నాయి. రెండింటికీ ఒకే చూపు ఉందని ఎలా చెప్పగలం?

"నాకు బాగానే కనబడుతోంది" అని అందరం అనేస్తాం. బాగా కనబడేది రెండు కళ్ళకా, ఒక్క కంటికా? రెండూ తెరిచి చూసినప్పుడు అది తెలీదు. ఇద్దరు మనుషులు ఒక దుంగ మోసుకొస్తున్నారు అనుకోండి. ఒకడు బరువంతా భుజం మీద వేసుకున్నాడు. ఇంకొకడు ఊరికే చెయ్యి ఆనించాడు. దూరం నుంచి చూసేవాళ్ళకు ఇద్దరూ మోస్తున్నట్టే ఉంటుంది. చెయ్యి ఆనించినవాడి బలం తెలియాలంటే రెండోవాడు పక్కకు తప్పుకోవాలి. కళ్ళ సంగతి కూడా అంతే.

ఒక కంటి పవరు, రెండో కంటి పవరు వేరువేరుగా ఉండడాన్ని ఇంగ్లీషు వైద్యంలో అనైసోమెట్రోపియా అంటారు. పేరు పెద్దదే గాని అర్థం చిన్నదే. ఇది గ్రీకు మాటలతో కట్టిన పేరు. అన్ అంటే కాదు, ఐసో అంటే సమానం, మెట్రాన్ అంటే కొలత, ఓపియా అంటే చూపు. సమానం కాని కొలతల చూపు అన్నమాట. రెండు కళ్ళకు ఒక డయాప్టర్ గాని అంతకన్నా ఎక్కువ గాని తేడా ఉంటే సాధారణంగా ఈ పేరు పెడతారు. డయాప్టర్ అంటే ఏమిటో కింద రాశాను.

1. కన్ను ఎలా చూస్తుంది?

కంటి ముందు భాగంలో గాజులాగా తేటగా ఉండే పొర కార్నియా. దాని వెనకాల కనుపాప, ఆ వెనకాల కంటి కటకం ఉంటాయి. వస్తువు మీద నుంచి వచ్చే వెలుగును కార్నియా, కటకం రెండూ కలిసి వంచుతాయి. ఎక్కువ భాగం, అంటే సుమారు మూడింట రెండు వంతులు, కార్నియాయే వంచుతుంది. అలా వంగిన వెలుగు కంటి వెనక గోడ మీద ఉన్న రెటీనా అనే తెర మీద పడాలి. సరిగ్గా తెర మీద పడితే బొమ్మ స్పష్టంగా ఉంటుంది. తెరకు ముందే ఆగినా, తెర వెనక్కి పోయినా బొమ్మ మసకగా ఉంటుంది.

కటకం బలాన్ని డయాప్టర్లలో కొలుస్తారు. లెక్క సులభం. 100ని సెంటీమీటర్లలో నాభ్యంతరంతో భాగించాలి. నాభ్యంతరం 100 సెం.మీ. ఉంటే 1 డయాప్టర్, 50 సెం.మీ. ఉంటే 2 డయాప్టర్లు, 10 సెం.మీ. ఉంటే 10 డయాప్టర్లు. మన కన్ను మొత్తం బలం సుమారు 60 డయాప్టర్లు. మనవాళ్ళు "సైటు ఎంత?" అని అడిగి "మైనస్ రెండు" అని చెప్పుకునేది ఈ డయాప్టర్లే.

కన్ను పొడవు ఎక్కువైతే బొమ్మ తెరకు ముందే పడుతుంది. దగ్గరివి కనబడతాయి, దూరానివి మసక. దీనిని హ్రస్వదృష్టి అంటారు. పుటాకార కటకం, అంటే మైనస్ అద్దం పెడతారు.

కన్ను పొడవు తక్కువైతే బొమ్మ తెర వెనక పడుతుంది. దీనిని దీర్ఘదృష్టి అంటారు. కుంభాకార కటకం, అంటే ప్లస్ అద్దం పెడతారు.

కార్నియా అన్ని వైపులా ఒకేలా గుండ్రంగా లేకపోతే గీతలు ఒక దిక్కున స్పష్టంగా, ఇంకో దిక్కున మసకగా కనబడతాయి. దీనిని అసమదృష్టి అంటారు. సిలిండర్ అద్దం పెడతారు.

2. రెండు కళ్ళకూ తేడా ఎందుకు వస్తుంది?

పుట్టిన పాప కన్ను ముందు నుంచి వెనక్కి సుమారు 17 మిల్లీమీటర్లు ఉంటుంది. పెద్దయ్యేసరికి సుమారు 24 మిల్లీమీటర్లు అవుతుంది. మొదటి రెండు మూడేళ్ళలో చాలా వేగంగా పెరుగుతుంది. ఆ పెరుగుదల రెండు కళ్ళలోనూ సమానంగా జరగాలి. ఒక కన్ను కాస్త వెనకబడితే ఆ కన్ను పొట్టిగా ఉండిపోతుంది. ఒక కన్ను కాస్త ఎక్కువ పెరిగితే అది పొడుగవుతుంది.

తేడా ఎంత ఉంటే చెడ్డది అంటారా? మీ స్కేలు తీసి మిల్లీమీటరు గీత చూడండి. ఒక కన్ను రెండో కంటికన్నా ఆ ఒక్క గీతంత పొట్టిగా ఉంటే చాలు, సుమారు 3 డయాప్టర్ల తేడా వస్తుంది. బయట నుంచి చూసి ఎవరూ కనిపెట్టలేరు. కళ్ళు రెండూ చక్కగా ఒకేలా ఉంటాయి. మెల్లకన్ను ఉంటే తల్లయినా గుర్తుపడుతుంది. ఇక్కడ మెల్ల కూడా ఉండకపోవచ్చు.

ఇది ఎవరి తప్పూ కాదు. దిష్టి తగిలి రాదు, గ్రహణం పట్టి రాదు. కొన్ని కుటుంబాల్లో ఎక్కువగా కనబడుతుంది. ఒక కంటికి దెబ్బ తగిలి కార్నియా మీద మచ్చ పడినా, ఒక కంటి రెప్ప బాగా వాలి ఉన్నా కూడా తేడా రావచ్చు. ముసలివాళ్ళకు ఒక కంటిలో శుక్లం ముదిరినప్పుడు కూడా ఆ కంటి సైటు మారుతుంది. వెనకటి రోజుల్లో శుక్లం ఆపరేషన్‌లో కటకం తీసేసి, లోపల ఏమీ పెట్టకుండా, లావుపాటి ప్లస్ 10 అద్దం ఇచ్చేవారు. ఒక్క కంటికే ఆపరేషన్ అయిన ముసలమ్మకు ఒక వస్తువు రెండు సైజుల్లో కనబడేది. ఇప్పుడు కంటి లోపలే కటకం పెడుతున్నారు కాబట్టి ఆ బాధ తగ్గింది.

3. ఒక చిన్న ప్రయోగం

కావలసినవి: ల్యాబ్‌లోని రెండు భూతద్దాలు. ఒకటి 10 సెం.మీ. నాభ్యంతరం, ఇంకొకటి 20 సెం.మీ. నాభ్యంతరం ఉండాలి.

చేసే విధానం: కిటికీకి ఎదురుగా ఉన్న గోడ దగ్గర నిలబడండి. 10 సెం.మీ. భూతద్దాన్ని గోడ ముందు పట్టుకుని ముందుకీ వెనక్కీ జరపండి. ఒకచోట కిటికీ బొమ్మ తలకిందులుగా, స్పష్టంగా గోడ మీద పడుతుంది. చెయ్యి అక్కడే ఉంచండి. ఇప్పుడు ఇంకొక అమ్మాయి 20 సెం.మీ. భూతద్దాన్ని దాని పక్కనే, గోడకు అంతే దూరంలో పట్టుకోవాలి.

ఏం చూశారు? మొదటి బొమ్మ స్పష్టంగా ఉంది, రెండోది అలికేసినట్టు ఉంది. ఇద్దరూ కలిసి వెనక్కి జరిగితే రెండోది బాగుపడుతుంది, మొదటిది పాడవుతుంది. రెండింటినీ ఒకేసారి బాగుచేయాలంటే కుదరదు. ఈ ప్రయోగం గుర్తుపెట్టుకోండి. తరవాతి భాగానికి ఇదే తాళంచెవి.

4. మరి ఆ పిల్లకే ఎందుకు తెలీదు?

దగ్గరి వస్తువు చూసేటప్పుడు కంటి లోపలి సిలియరీ కండరం బిగిసి, కటకం లావవుతుంది. అలా కన్ను తన పవరును పెంచుకుంటుంది. ప్లస్ సైటు ఉన్న పిల్ల దూరం చూడడానికి కూడా ఈ కండరాన్నే వాడుకుని సర్దుకుంటుంది. అయితే మెదడు రెండు కళ్ళ కండరాలకూ ఒకే ఆజ్ఞ పంపిస్తుంది. "కుడి కన్ను కొంచెం, ఎడమ కన్ను ఎక్కువ" అని వేరువేరుగా పంపించలేదు.

ఇప్పుడు ఒక పిల్లకు కుడి కన్ను ప్లస్ 1, ఎడమ కన్ను ప్లస్ 5 ఉన్నాయనుకోండి. కుడి కంటికి కావలసినంత బిగించగానే ఆ కంటికి స్పష్టంగా కనబడుతుంది. మెదడు అక్కడితో ఆగిపోతుంది. ఎడమ కంటికి ఇంకా 4 డయాప్టర్లు తక్కువే. దూరం చూసినా మసకే, దగ్గర చూసినా మసకే. పుట్టిన దగ్గర్నుంచి ఆ కన్ను ఒక్కసారి కూడా స్పష్టమైన బొమ్మ చూసి ఉండదు.

మైనస్ సైటులో తేడా ఉన్నవాళ్ళు కొంచెం నయం. మైనస్ ఎక్కువున్న కన్ను కనీసం దగ్గరి వస్తువులను బాగా చూస్తుంది కాబట్టి దానికి కొంత పని దొరుకుతుంది. మైనస్ చాలా ఎక్కువైతే మాత్రం దానికీ ప్రమాదమే.

ఒక కంటి నుంచి మంచి బొమ్మ, ఇంకో కంటి నుంచి మసక బొమ్మ వస్తే మెదడు ఏం చేస్తుంది? మసక బొమ్మను పక్కన పెట్టేస్తుంది. పిల్లకు నొప్పి ఉండదు, నీరు కారదు, ఎరుపు ఉండదు. అందరికీ ఇలాగే కనబడుతుంది కాబోలు అనుకుంటుంది. మన ఊళ్ళలో ఉండేలుతో గురి చూసేవాళ్ళు ఒక కన్ను మూస్తారు కదా. మూసేది ఎప్పుడూ అదే కన్ను. కాబట్టి మూసిన కంటిలో చూపు ఎంతుందో గురి తప్పనివాడికి కూడా తెలీదు.

ఇంకో సంగతి. రెండు కళ్ళూ కొంచెం వేరు చోట్ల నుంచి చూస్తాయి కాబట్టి రెండు బొమ్మలూ కొంచెం వేరుగా ఉంటాయి. ఆ తేడా వల్లే మెదడు లోతును, దూరాన్ని కొలుస్తుందని ఇంగ్లండు శాస్త్రవేత్త వీట్‌స్టన్ 1838లో చూపించాడు. రెండు పెన్సిళ్ళు చెరో చేత్తో అడ్డంగా పట్టుకుని, ఒక కన్ను మూసి, ముక్కులు కలపడానికి ప్రయత్నించండి. తప్పిపోతాయి. రెండు కళ్ళూ తెరిస్తే తేలిగ్గా కలుస్తాయి. ఒక కన్ను పనిచేయనివాళ్ళు సూదిలో దారం ఎక్కించడానికీ, బంతి పట్టుకోవడానికీ, గెడ్డలో రాయి మీద నుంచి రాయి మీదకు అడుగు వేయడానికీ ఎక్కువ కష్టపడతారు.

5. సోమరి కన్ను

మెదడు ఒక కంటి బొమ్మను ఏళ్ళ తరబడి పక్కన పెడితే, ఆ కన్ను తరఫున చూసే మెదడు భాగం చూడడం నేర్చుకోదు. తరవాత మంచి అద్దం పెట్టినా వెంటనే కనబడదు. దీనిని ఆంబ్లియోపియా అంటారు. తెలుగులో మందదృష్టి అని, సోమరి కన్ను అని అంటారు. ఆ పేరు నాకు నచ్చలేదు. ఆ కన్ను సోమరి కాదు. దానికి ఎవరూ పని చెప్పలేదు. బడికి పంపని పిల్లను చదువు రాదని తిట్టినట్టు ఉంటుంది ఈ పేరు. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే కాబట్టి నాకు అలా అనిపించింది.

హ్యూబెల్, వీజెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1960లలో పిల్లి కూనల మీద పరిశోధన చేశారు. పుట్టిన కొత్తలో ఒక కంటి రెప్ప మూసి కొన్ని వారాలు ఉంచారు. తరవాత తెరిచి చూస్తే కన్ను బాగానే ఉంది, కాని మెదడులోని కణాలు ఆ కంటికి దాదాపు జవాబు చెప్పలేదు. పెద్ద పిల్లికి అలాగే మూస్తే ఏమీ కాలేదు. చూపు నేర్చుకోవడానికి చిన్న వయసులో ఒక కాలం ఉందని దీనివల్ల తెలిసింది. 1981లో వాళ్ళకు నోబెల్ బహుమతి వచ్చింది.

మనుషుల్లో ఆ కాలం సుమారు 7, 8 ఏళ్ళ దాకా బలంగా ఉంటుంది. అంతకు ముందే అద్దాలు పెడితే చూపు బాగా వస్తుంది. విత్తనాలు వానల ముందే చల్లాలి కదా, అలాగే. అయితే 8 దాటితే ఇక ఏమీ లేదని వదిలేయకూడదు. పెద్ద పిల్లలకు కూడా అద్దాలు, పట్టీతో ఎంతోకొంత చూపు పెరుగుతుందని తరవాతి పరిశోధనల్లో తేలింది. ఆలస్యమైతే ఫలితం తగ్గుతుంది, అంతే.

పిల్లల్లో ఈ మందదృష్టి వందకు ఒకరి నుంచి ముగ్గురి దాకా ఉంటుందని అంచనా. మన హాస్టల్లో 300 మంది ఉన్నాం. లెక్క మీరే కట్టండి.

6. మన మధ్యలో ఉన్న ఒక చెల్లి

ఈ చెల్లి 4వ తరగతి. ఆమెను అడిగి, ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేరు రాయను.

ఇంతకు ముందు చదివిన బడిలో ఆమెకు కంటి పరీక్ష జరిగింది. వరసలో నిలబెట్టి, రెండు కళ్ళూ తెరిచి బోర్డు చదివించారట. గడగడా చదివింది. "బాగుంది, పో" అన్నారు. ఇక్కడికి వచ్చాక గ్లాసులో నీళ్ళు పోస్తే బయట పోయేది. బంతి విసిరితే మొహానికి తగిలేది. గెడ్డ దాటాలంటే చెయ్యి పట్టుకోమని ఏడ్చేది. మనలో కొందరు ఆమెను తిక్కది అన్నారు.

పోయిన సంవత్సరం నర్సమ్మ ఒక్కో కన్ను మూయించి పరీక్ష చేసింది. కుడి కన్ను మూయగానే చెల్లి "అక్కా, లైటు ఆర్పేశారా?" అని అడిగింది. పెద్దాసుపత్రిలో చూస్తే కుడి ప్లస్ 1, ఎడమ ప్లస్ 5. ఎడమ చూపు 6/60. అప్పుడామె వయసు 9.

అద్దాలు పెట్టిన నాలుగు నెలలకు ఎడమ కన్ను 6/24కి వచ్చింది. ఇప్పుడు రోజూ స్టడీ అవర్లో 2 గంటలు కుడి కంటికి పట్టీ వేసుకుంటోంది. ఇప్పుడు 6/18. నాలుగైదేళ్ళప్పుడే తీసుకొస్తే ఇంకా తేలిగ్గా వచ్చేదని డాక్టరు గారు వాళ్ళ అమ్మతో చెప్పారట. అమ్మ "కళ్ళు బాగానే ఉన్నాయి కదా అనుకున్నాం" అంది. అమ్మ అనుకున్నది సహజమే. కళ్ళు నిజంగానే బాగా కనబడుతున్నాయి, చూసేవాళ్ళకు.

పట్టీ వేసుకున్నప్పుడు ఆమెకు బలహీనమైన కంటితోనే చదవాలి. అక్షరాలు అలుక్కుపోయినట్టు ఉంటాయి. తల నొప్పి పుడుతుంది. ఆ 2 గంటలు చాలా కష్టమైన 2 గంటలు. అప్పుడే కొందరు "ఒంటికన్ను" అని పిలుస్తున్నారు. దానికి భయపడి రెండు రోజులు పట్టీ తీసి పరుపు కింద పెట్టేసింది. అక్కలారా, ఆ మాట ఇక మనలో ఎవరూ అనకూడదు. ఆ మాట వల్ల పట్టీ ఆగిపోతే చూపు ఆగిపోతుంది.

7. గొప్పవాళ్ళకూ ఉంది

ఇంగ్లండులో జార్జ్ ఎయిరీ అనే ఖగోళ శాస్త్రవేత్త ఉండేవాడు. 1801లో పుట్టాడు. చదివేటప్పుడు తన ఎడమ కన్ను అసలు పనిచేయడం లేదని, కుడి కంటితోనే చదువుతున్నానని కేంబ్రిడ్జిలో ఉన్నప్పుడు గమనించాడు. కన్ను పోయిందని ఏడవలేదు. అట్టకు సూదితో బెజ్జం పెట్టి, అందులోంచి వచ్చే వెలుగు చుక్కను ఎడమ కంటితో చూశాడు. చుక్క చుక్కలాగా కాకుండా గీతలాగా కనబడింది. దూరం మారిస్తే గీత దిక్కు మారింది. లెక్క కట్టి, ఎలాంటి అద్దం కావాలో తానే చెప్పి చేయించుకున్నాడు. 1825లో ఈ సంగతి శాస్త్రవేత్తల ముందు పెట్టాడు. అసమదృష్టికి సిలిండర్ అద్దం అలా వచ్చింది. తరవాత ఆయన ఇంగ్లండు రాజ ఖగోళ శాస్త్రవేత్త అయ్యి 1835 నుంచి 1881 వరకు పనిచేశాడు. ఒక్కో కంటిని విడిగా చూసుకోబట్టే ఆయనకు దొరికింది.

8. మనమే ఎలా పరీక్ష చేయాలి?

అక్షరాలు రాకపోయినా ఈ పరీక్ష చేయవచ్చు. ఇంగ్లీషు ఐదో అక్షరం మూడు పళ్ళ దువ్వెనలాగా ఉంటుంది. పళ్ళు ఏ వైపున్నాయో పిల్ల చెయ్యి చూపిస్తే చాలు. పైకా, కిందకా, కుడికా, ఎడమకా. మన అంగన్‌వాడీ తమ్ముళ్ళు కూడా చెప్పగలరు. కళ్ళ పరీక్షకు కొలత ప్రకారం అక్షరాల చార్టు తయారుచేసినవాడు హాలండు దేశపు డాక్టరు స్నెల్లెన్, 1862లో. 6 మీటర్ల దూరానికి కొలతలు ఇవి:

6/60 వరుస: దువ్వెన ఎత్తు 87 మి.మీ.
6/18 వరుస: 26 మి.మీ.
6/12 వరుస: 17.5 మి.మీ.
6/9 వరుస: 13 మి.మీ.

ఎత్తు ఎంతో వెడల్పూ అంతే. ఒక్కో పన్ను మందం ఎత్తులో ఐదో వంతు, పళ్ళ మధ్య ఖాళీ కూడా అంతే. 6/60 అంటే, బాగా చూపు ఉన్నవాళ్ళు 60 మీటర్ల నుంచి చూడగలిగేదాన్ని ఈ పిల్ల 6 మీటర్లకు వస్తేగాని చూడలేదని అర్థం. ఈ పత్రిక పక్కన తెల్ల అట్ట మీద నల్ల ఇంకుతో గీసి పెట్టాను. వరండాలో 6 మీటర్ల దగ్గర, అంటే దాదాపు 20 అడుగుల దగ్గర, సుద్దముక్కతో గీత గీశాను.

పద్ధతి:

(1) పగటి వెలుగులో చేయండి. గీత దాటకూడదు.
(2) ఒక అరచెయ్యిని గిన్నెలా చేసి ఒక కంటిని మూయండి. వేళ్ళ సందుల్లోంచి చూడకూడదు. కంటిని నొక్కకూడదు, నొక్కితే తరవాత అదీ మసకగా కనబడుతుంది.
(3) తెరిచిన కంటిని చికిలించకూడదు, తల వంచకూడదు.
(4) పై నుంచి కిందికి చూపించమనండి. ఎక్కడ ఆగిందో రాసుకోండి.
(5) రెండో కంటికి అట్టను తిప్పి పట్టుకోండి. లేకపోతే గుర్తుపెట్టుకుని చెప్పేస్తారు. మన చెల్లెళ్ళు చాలా తెలివైనవాళ్ళు.
(6) అద్దాలు ఉన్నవాళ్ళు అద్దాలతోనే చేయాలి.

ఏ కన్నయినా 6/9 చెప్పలేకపోతే గాని, రెండు కళ్ళకూ తేడా వస్తే గాని పేరు నర్సమ్మకు ఇవ్వాలి. ఒక కన్ను మూస్తే చిన్నపిల్ల ఊరుకుని, రెండోది మూస్తే మాత్రం ఏడ్చి చెయ్యి తోసేస్తే అదీ గుర్తే. ఈ పరీక్ష వల్ల అనుమానం మాత్రమే తెలుస్తుంది. సైటు ఎంతో చెప్పడం డాక్టరు గారి పని. పిల్లలకు ముందు కంట్లో చుక్కలు వేస్తారు. ఆ చుక్కల వల్ల కండరం విశ్రాంతి తీసుకుంటుంది, దాగిన ప్లస్ సైటు బయటపడుతుంది. ఆ రోజు, ఒక్కోసారి మర్నాడు కూడా దగ్గరివి మసకగా ఉంటాయి, ఎండ చురుక్కుమంటుంది. భయపడవద్దు. పిల్ల ఏమీ చెప్పకపోయినా టార్చిలాంటి పరికరంతో కంట్లోకి వెలుగు వేసి పవరు కనిపెట్టగలరు.

9. చీటీ చదవడం నేర్చుకోండి

కళ్ళ చీటీలో ఓడీ అంటే కుడి కన్ను, ఓఎస్ అంటే ఎడమ కన్ను. ఇవి లాటిన్ మాటలు. కొన్ని చీటీల్లో ఆర్, ఎల్ అని రాస్తారు. ఎస్‌పీహెచ్ దగ్గర ఉండేది మామూలు పవరు, సీవైఎల్ దగ్గర ఉండేది సిలిండర్, యాక్సిస్ అంటే సిలిండర్ దిక్కు. రెండు కళ్ళ అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా మీకే తెలుస్తుంది. చీటీ పారేయకండి. మర్నాటి పరీక్షకు అదే ఆధారం.

తేడా ఉన్న పిల్లకు ముందు అద్దాలు పెడతారు. అద్దాలతోనే చాలామందికి కొన్ని వారాల్లో చూపు పెరగడం మొదలవుతుంది. చాలకపోతే మంచి కంటికి పట్టీ వేస్తారు, లేదా మంచి కంట్లో చుక్కలు వేసి దానికి దగ్గర చూపు మసకచేస్తారు. పట్టీ ఎన్ని గంటలో డాక్టరు గారే చెప్పాలి. ఎక్కువ వేసేస్తే త్వరగా బాగవుతుందని సొంతంగా పెంచకూడదు. తేడా మరీ ఎక్కువుంటే అద్దాల్లో రెండు బొమ్మల సైజు వేరుగా ఉండి ఇబ్బంది పడతారు. అలాంటివాళ్ళకు కాంటాక్ట్ లెన్సు ఇస్తారు.

10. వార్డెన్ మేడమ్ గారికి మా మనవి

కళ్ళ పరీక్షలు మనకు కొత్త కాదు. దేశంలో అంధత్వ నివారణ కార్యక్రమం 1976లోనే మొదలైంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో బడి పిల్లల చూపు పరీక్ష కూడా ఒక భాగం. తెలంగాణలో 2018లో కంటి వెలుగు పెట్టారు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2019లో అదే పేరుతో పెట్టినప్పుడు మొదట బడి పిల్లలనే చూశారు. పరీక్ష జరగడం ఒకటి, ఒక్కో కంటికీ విడిగా జరగడం ఇంకొకటి. కాబట్టి మా కోరికలు ఇవి:

మొదటిది, బడి తెరిచిన నెలలో కొత్త పిల్లలందరికీ ఒక్కో కన్ను మూసి పరీక్ష చేయించండి. మేము 9వ తరగతి వాళ్ళం అట్ట పట్టుకుని సాయం చేస్తాం.

రెండవది, హాస్టల్ రిజిస్టరులో కుడి చూపు, ఎడమ చూపు అని రెండు గడులు గీయించండి. ఒక్క గడి ఉంటే ఒక్క జవాబే రాస్తారు.

మూడవది, పండక్కి ఇళ్ళకు వెళ్ళేటప్పుడు మాకు ఒక్కో అట్ట ఇవ్వండి. ఇంటి దగ్గర 4, 5 ఏళ్ళ చెల్లెళ్ళు, తమ్ముళ్ళు ఉన్నారు. వాళ్ళ వయసే సరైన వయసు.

నాలుగవది, అద్దాలు విరిగితే బాగుచేయించడానికి దారి చూపించండి. విరిగిన అద్దాలు పెట్టెలో ఉండిపోతే పెట్టనట్టే.

గుర్తుంచుకోండి:

రెండు కళ్ళూ తెరిచి చదివితే ఒక్క కంటికే పరీక్ష అయినట్టు.
ఒకరి అద్దాలు ఒకరు పెట్టుకోకూడదు. ఆ కుడి ఎడమలు వాళ్ళ కొలతవి.
కంట్లో ఆకు పసరు గాని, పాలు గాని పోయకూడదు. పసరుతో సైటు పోదు, కార్నియాకు పుండు పడవచ్చు.
అద్దాలు పెట్టుకుంటే ఆడపిల్లకు పెళ్ళి కాదు అనే పెద్దవాళ్ళకు నెమ్మదిగా చెప్పండి. అద్దం తీసి దాచవచ్చు, పోయిన చూపు తిరిగి తేవడం కష్టం.

చెప్పుకోండి చూద్దాం (జవాబులు పాఠంలోనే ఉన్నాయి):

1. కుడి కన్ను ప్లస్ 2, ఎడమ కన్ను ప్లస్ 4.5 అయితే తేడా ఎన్ని డయాప్టర్లు?
2. 25 సెం.మీ. నాభ్యంతరం ఉన్న కటకం బలం ఎంత?
3. మెల్లకన్ను లేని పిల్లకు కూడా మందదృష్టి ఎందుకు రావచ్చు?
4. ప్లస్ తేడాకన్నా మైనస్ తేడా కొంచెం నయం అని ఎందుకన్నాను?

జవాబులు కాగితం మీద రాసి సైన్సు మాస్టారు గారి పెట్టెలో వేయండి. ఈ రోజు ఆటల పీరియడ్‌లో వరండాలో గీత దగ్గర నేను అట్ట పట్టుకుని ఉంటాను. 3వ తరగతి, 4వ తరగతి చెల్లెళ్ళు ముందు రండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని